అంగన్‌వాడీలో పేర్లు 22, వచ్చేది ఆరుగురు. మా ఊరి చిన్నపిల్లల బడిని ఎలా నిలబెట్టాలి?

పల్నాటి_అమ్మ
మాది నరసరావుపేట వైపు ఒక పల్లె. మా పాపకి పోయిన నెలలో మూడేళ్ళు నిండాయి. అంగన్‌వాడీ మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే. రిజిస్టర్‌లో మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు 22 మంది ఉన్నారు. వారం రోజులు పాపతో పాటు నేనూ వెళ్ళి కూర్చున్నాను, ఏ రోజూ ఆరుగురికి మించి లేరు. మిగతా పిల్లల అమ్మలు గుడ్లు, పాలు ఇచ్చే రోజు వచ్చి తీసుకుని వెళ్ళిపోతారు. పిల్లలు మాత్రం పొద్దున ఏడున్నరకి వచ్చే పసుపు వ్యాన్‌లో టౌనుకి పోతారు.

మా తోటికోడలి కొడుక్కి మూడున్నరేళ్ళు. టై కట్టి, షూ వేసి, సగం నిద్రలో ఎత్తుకొచ్చి వ్యాన్‌లో కూర్చోబెడతారు. 12 కిలోమీటర్లు. సాయంత్రం వచ్చాక హోంవర్క్, ఒకే అక్షరం రెండు పేజీలు. వాడు పెన్సిల్ పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ళమ్మ వాడి చేయి పట్టుకుని తనే రాసేస్తుంది. దీనికి ఏడాదికి 18 వేలు ఫీజు, వ్యాన్‌కి వేరే.

జూన్‌లో మన పాపని కూడా ఎక్కిద్దాం అంటున్నారు మా ఆయన. నాకు మనసొప్పడం లేదు. అలాగని అంగన్‌వాడీలో పాప రోజంతా గోడకి ఆనుకుని కూర్చుంటే చూడలేకపోతున్నాను. టీచరమ్మ మంచిదే, కానీ ఎప్పుడు చూసినా ఫోన్‌లోనో రిజిస్టర్‌లోనో తల దూర్చి ఉంటుంది. అక్కడ నిజంగా ఆటపాట, చదువు జరగాలంటే ఊళ్ళోవాళ్ళం చేయగలిగింది ఏముంది? ఎక్కడైనా బాగుపడటం చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

మిర్చి_శీను
వ్యాన్ ఎక్కించేవాళ్ళందరికీ ఇంగ్లీషు పిచ్చి అనుకోకండి. కోతల సీజన్‌లో మేమిద్దరం ఆరింటికే చేలోకి పోతాం, బాబుని మా పిన్ని వ్యాన్ ఎక్కిస్తుంది. సాయంత్రం నాలుగున్నరకి దింపుతారు. అప్పటిదాకా వాడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. మా ఊరి అంగన్‌వాడీలో టీచర్‌కి మీటింగ్ ఉంటే పన్నెండింటికే పిల్లల్ని ఇంటికి పంపేస్తారు. ఆ టైంకి ఇంట్లో ఎవరుంటారు?

గోదారి_గట్టు
మా వాడిని "అంగన్‌వాడీలో ఏం నేర్చుకున్నావురా" అంటే "గుడ్డు" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం. తీరా మర్నాడు చూస్తే ఉడకబెట్టిన గుడ్డు వాళ్ళ తాతకి కూడా తనే ఒలిచి పెట్టాడు, తెల్లసొన చెదరకుండా.

సెంటర్_టీచరమ్మ
పల్నాటి అమ్మ గారూ, ఫోన్‌లో తల దూర్చి ఉంటుంది అన్నారు కదా, ఆ టీచర్‌ని నేనే అనుకోండి. పదిహేడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నా రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, తర్వాత మీరే అనండి.

తొమ్మిదికి సెంటర్ తీస్తాను. ఆయా ఊళ్ళోకి వెళ్ళి పిల్లల్ని పిలుచుకొస్తుంది. అందరూ వచ్చేసరికి పది. పాలు కాచి ఇవ్వాలి. హాజరు పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ ఫోన్ యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ కోసం వేపచెట్టు కిందికి పోవాలి. ఇంటికిచ్చే సరుకులకి ఇప్పుడు తల్లి ముఖం ఫోటో కూడా పట్టాలి, ఒక్కొక్కరికి మూడేసి సార్లు తీస్తే గాని పట్టదు. గర్భిణుల లెక్క, బాలింతల లెక్క, పిల్లల బరువు, ఎత్తు. నర్సమ్మ టీకాలకి వచ్చిన రోజు ఇక వేరే పని ఉండదు. సెక్టార్ మీటింగ్, ప్రాజెక్ట్ మీటింగ్. ఓటర్ల జాబితా పని కూడా మాలో చాలామందికి అంటగట్టారు. ఇన్నిటి మధ్య ఆటపాటకి మిగిలేది ముప్పావుగంటో, గంటో. అదీ ఒక్క బిగిన కాదు. కథలో పులి గుహలోంచి బయటికి రాబోతుంటే గుమ్మంలోంచి "టీచరమ్మా, బాలామృతం వచ్చిందా" అని పిలుపు. నేను లేస్తాను. తిరిగొచ్చేసరికి పిల్లలు చెల్లాచెదురు.

ఆయా పోస్టు ఖాళీగా ఉన్న సెంటర్లలో టీచరే వంట కూడా చేస్తుంది. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు ఆంధ్రాలో మేము సమ్మెలో కూర్చున్నప్పుడు టీచర్‌కి నెలకి 11,500, ఆయాకి 7,000. దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు.

గోదారి గట్టు గారూ, మీ వాడు చెప్పింది నిజం. గుడ్డు ఒలవడం చదువే. ఆ వేళ్ళే రేపు పెన్సిల్ పట్టాలి.

పల్నాటి_అమ్మ
టీచరమ్మ గారూ, అలా రాసినందుకు క్షమించండి. మా టీచరమ్మని ఒక్కసారి కూడా "మీ పని ఏంటి" అని అడగలేదు నేను.

ఒకటో_తరగతి_సారు
ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఏళ్ళుగా ఒకటో తరగతి నా చేతిలోనే. వ్యాన్ బడిలో రెండేళ్ళు చదివి, ఫీజు కట్టలేక మా దగ్గరికి వచ్చే పిల్లలు ఏటా ఉంటారు. ఏ నుంచి జెడ్ దాకా గడగడా రాస్తారు. వంద దాకా అంకెలు ఒప్పజెబుతారు. కింద గుప్పెడు చింతపిక్కలు పోసి "ఏడు ఇవ్వు" అంటే గుప్పెడూ ఇచ్చేస్తారు. నోటితో అంకెలు చదవడం వేరు, ఏడు అంటే ఎంతో తెలియడం వేరు. ఈ రెండోది రావాలంటే పిక్కలు, గవ్వలు, గిన్నెలు, మూతలు చేతిలో పడాలి.

ఎక్కడికీ పోకుండా ఇంట్లోంచి నేరుగా వచ్చిన పిల్లల కష్టం వేరు. మొదటి నెలంతా ఏడుపే. పేరు అడిగితే కొంగు వెతుక్కుంటారు, ఆ కొంగు అక్కడ ఉండదు.

మూడేళ్ళ క్రితం ఒక పాప వచ్చింది, పక్క వాడలోని అంగన్‌వాడీ నుంచి. ఒక్క అక్షరం రాదు. కానీ కథ చెప్పమంటే లేచి నిలబడి, గొంతు మార్చి, నక్క లాగా, కాకి లాగా చెప్పేది. దసరాకి చదవడం పట్టేసింది. ఎందుకంటే మాటలు అప్పటికే ఆ పిల్ల దగ్గర కుప్పలుగా ఉన్నాయి, అక్షరాలు వాటికి తగిలించుకోవడమే మిగిలింది. వాళ్ళ టీచర్ ఎవరో కనుక్కుని వెళ్ళి దండం పెట్టి వచ్చాను.

2020 విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకటే మెట్టు అంది. బడికి ముందు మూడేళ్ళు, ఒకటి, రెండు తరగతులు కలిపి. ఆ మాట సరైనది. మా దాకా వచ్చేసరికి మాత్రం అంగన్‌వాడీ ఒక శాఖ, బడి ఇంకో శాఖ. మధ్యలో పిల్లవాడు.

తెనాలి_కుర్రాడు
సార్ చెప్పింది వినడానికి బాగుంది. కానీ చివరికి తేలేది ఏంటి? లేనోళ్ళ పిల్లలకి చింతపిక్కలు, ఉన్నోళ్ళ పిల్లలకి ఇంగ్లీషు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఫిజిక్స్ పుస్తకం తెరిచి ఏడ్చిన రాత్రులు నాకు గుర్తున్నాయి. నా కూతురికి ఆ టెన్షన్ వద్దు. 18 వేలు కాదు, 30 వేలైనా కడతాను.

ఒకటో_తరగతి_సారు
తమ్ముడూ, ఇంగ్లీషు వద్దని నేను అనలేదు. మూడేళ్ళ పిల్లకి ఏ భాషైనా చెవి ద్వారానే ఎక్కుతుంది. ఇంగ్లీషు పాట ఆడించండి, కమ్, సిట్, జంప్ అంటూ గెంతించండి, హాయిగా వస్తుంది. రెండు పేజీలు ఒకే అక్షరం రాయించడం వల్ల ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. నువ్వు ఏడ్చింది మూడేళ్ళప్పుడు ఇంగ్లీషు అక్షరాలు రాయనందుకు కాదు. పదేళ్ళ బడిలో నీతో ఇంగ్లీషులో మాట్లాడినవాళ్ళు లేనందుకు.

తెనాలి_కుర్రాడు
సరే సార్, ఒప్పుకుంటా. మరి ఆ పాటలు ఆడించే మనిషి అంగన్‌వాడీలో ఏరి? టీచరమ్మ గారే చెప్పారు, ఉన్న ఒక్కరూ వేపచెట్టు కింద సిగ్నల్ వెతుక్కుంటున్నారని. మనిషి లేకే అందరం వ్యాన్ ఎక్కిస్తున్నాం.

రిటైర్డ్_సూపర్‌వైజర్
తెనాలి తమ్ముడు ముడి ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నాడు. అంగన్‌వాడీలని నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, వీటితో పాటు బడికి ముందు చదువు. ఆరు సేవలు, మనిషి ఒక్కరు. నేను తనిఖీకి వెళ్తే పైవాళ్ళు నన్ను అడిగే లెక్కలు గుడ్లవి, బియ్యానివి, బరువులవి. "ఈ రోజు ఏ కథ చెప్పారు" అని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు మిగిలిపోయిన బాధ ఇది. దేన్ని అడుగుతామో అదే జరుగుతుంది కింద.

నిజానికి అంగన్‌వాడీ అనే మాట పుట్టిందే చదువు కోసం. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, ఆమెతో అనూతాయి వాఘ్, 1945లో బోర్డీ అనే ఊళ్ళో పల్లె పిల్లల కోసం బాలవాడి పెట్టారు. పేదవాడల పిల్లలు అక్కడికి రాలేకపోతే, బాలవాడినే వాళ్ళ ముంగిట్లోకి తీసుకుపోయారు. అంగన్ అంటే ముంగిలి. గవ్వలు, గింజలు, ఆకులు, ఇవే వాళ్ళ ఆటవస్తువులు.

వేలూరు_తెలుగు
మేము తెలుగువాళ్ళమే, మూడు తరాలుగా తమిళనాడులో ఉన్నాం. ఇక్కడ ఇదే ప్రశ్న మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. నాలుగు జిల్లాల్లో 320 అంగన్‌వాడీలు తీసుకున్నారు. లాటరీ వేసినట్టు సగం సెంటర్లకి ఇంకో మనిషిని ఇచ్చారు. పూట పని. ఆమె చేయాల్సింది ఒకటే, చిన్నపిల్లలకి ఆటపాట, చదువు. రిజిస్టర్లు ముట్టుకోనక్కర్లేదు. దాంతో చదువుకి దొరికే సమయం రెట్టింపు అయింది. ఏడాదిన్నర తర్వాత పరీక్షిస్తే లెక్కల్లోనూ భాషలోనూ ఆ సెంటర్ల పిల్లలు స్పష్టంగా ముందున్నారు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. ఆ సెంటర్లలోనే కొనసాగిన పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేకపోవడం, తీవ్రమైన పోషకాహార లోపం కూడా తగ్గాయి. చదువు పని ఇంకొకరు అందుకోవడంతో పాత టీచర్‌కి పోషణ పని చూసుకునే తీరిక దొరికింది. కొత్త భవనం, టీవీ లాంటివి పెట్టి చేసింది కాదు ఇది. ఒక మనిషిని ఇచ్చారు, అంతే.

సెంటర్_టీచరమ్మ
ఇది చదివి కళ్ళు చెమర్చాయి. మేము ఏళ్ళ తరబడి నోటితో చెబుతున్నదాన్ని ఎవరో లెక్క వేసి చూపించారు.

లెక్కల_రవి
ఆవేశం కాదు, డబ్బు సంగతి మాట్లాడుకుందాం. ఆంధ్రాలో 55 వేల పైన, తెలంగాణలో 35 వేల పైన సెంటర్లు ఉన్నాయి. కలిపి సుమారు 91 వేలు. సెంటర్‌కి ఒక మనిషి, నెలకి 6 వేలు అనుకుంటే ఏడాదికి 655 కోట్లు. కేంద్రం 2018 నుంచి టీచర్ గౌరవ వేతనాన్ని 4,500 దగ్గరే ఉంచింది, అందులోనూ కేంద్రం భరించేది 60 శాతమే. పైన ఇచ్చేదంతా రాష్ట్రాలదే. ఇంకో మనిషి అంటే ఎవరు భరిస్తారు?

పల్నాటి_అమ్మ
రవి గారూ, నాకు కోట్ల లెక్క రాదు, మా ఊరి లెక్క వేశాను. వ్యాన్ ఎక్కే పిల్లలు 16 మంది. ఒక్కొక్కరికి 18 వేలు, మొత్తం 2 లక్షల 88 వేలు. ఇంకో మనిషికి నెలకి 6 వేల చొప్పున ఏడాదికి 72 వేలు. మా ఊరి తల్లిదండ్రులు ఇప్పటికే దానికి నాలుగు రెట్లు కడుతున్నాం, ఏడుస్తున్న పిల్లల కోసం. డబ్బు లేదని ఎలా అనుకోను?

లెక్కల_రవి
ఈ కోణంలో నేను చూడలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ ప్రభుత్వం చేయాల్సిన పనికి ఊరివాళ్ళు చందాలు వేసుకోవడం మొదలుపెడితే, లేని ఊళ్ళ సంగతి ఏంటి?

లా_చదువుతున్నా
రవి గారి ప్రశ్న ముఖ్యమైంది. 2009 విద్యా హక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి మాత్రమే హక్కు ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం సెక్షన్ 11 ఉంది గానీ, అది "ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు" అని ఊరుకుంది. చేయాలి అనలేదు. రాజ్యాంగం 45వ అధికరణం 2002 సవరణ తర్వాత ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, విద్య గురించి చెబుతుంది. కానీ అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని హక్కు అని కోర్టుకి పోలేం. ఆ "వచ్చు" అనే రెండక్షరాల దగ్గరే ఇదంతా ఆగింది.

ఉట్నూరు_మాస్టారు
మీరంతా తెలుగా ఇంగ్లీషా అంటున్నారు. మా గూడెం పిల్లలకి రెండూ పరాయి భాషలే. ఇంట్లో గోండి. ఒకసారి మైదానం నుంచి వచ్చిన కొత్త టీచర్‌ని ఒక చిన్నపాప "ఏర్, ఏర్" అని అడుగుతోంది. ఏరు అంటే తెలుగులో వాగు కదా, పిల్ల వాగు దగ్గరికి పోతానంటోంది అనుకుని ఆమె కోప్పడింది. గోండిలో ఏర్ అంటే నీళ్ళు. ఆ పాప దాహంతోనే కూర్చుంది, మర్నాటి నుంచి రాలేదు. నేను అడ్డం వెళ్ళి చెప్పేసరికి ఆలస్యమైపోయింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోలామి, కోయ, సవర లాంటి భాషల్లో ఒకటో తరగతికి వాచకాలు తెచ్చారు. నేను వాటితో చెప్పాను, పిల్లల కళ్ళలో తేడా చూశాను. అదే పని మూడేళ్ళ వయసు నుంచి మొదలవ్వాలి. రెండో మనిషిని ఇస్తే మా దగ్గర ఆ గూడెం ఆడబిడ్డనే పెట్టండి. పదో తరగతి చదివినవాళ్ళు చాలామంది ఖాళీగా ఉన్నారు.

కరీంనగర్_రాధ
మా ఊళ్ళో అంగన్‌వాడీ అద్దె గదిలో ఉండేది, ముందు రోడ్డు, వెనక పశువుల కొట్టం. దాన్ని సర్కారు బడి ఆవరణలోకి మార్చారు. అప్పటి నుంచి పిల్లలు పెరిగారు. ఎందుకంటే నాలుగో తరగతి అక్క పోతూ పోతూ చెల్లెని చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది, వస్తూ తీసుకొస్తుంది. కూలికి పోయే తల్లికి అదే పెద్ద ధైర్యం. మిర్చి శీను గారి బాధకి ఇది కొంత మందు.

ఒక చిన్న విషయం ఎవరూ అనలేదు. బాత్రూం. పెద్దపిల్లల దొడ్డిలో కాలుజారి పడతామని చిన్నపిల్లలు భయపడి ఇంటికి ఉరుకుతారు. మా సర్పంచ్ చిన్నపిల్లలకి సరిపడే దొడ్డి కుండీలు రెండు పెట్టించాడు. నీళ్ళ కుళాయి కూడా మోకాలెత్తులో పెట్టించాడు. ఖర్చు పెద్దగా కాలేదు, పిల్లలు సాయంత్రం దాకా ఉంటున్నారు.

మిర్చి_శీను
రాధక్కా, కోతల టైంలో అయినా ఆరింటికి తీసే సెంటర్ ఒకటి ఉంటే నా పిల్లాడిని రేపే తెస్తా. అది ఎవరూ మాట్లాడట్లేదు.

నాయనమ్మ_కబుర్లు
నా మనవడు టైపు చేసి పెడుతున్నాడు. నాకు 68. మా వీధి అంగన్‌వాడీకి మంగళ, శుక్రవారాలు పోయి కథ చెబుతాను. జీతం లేదు, కాఫీ కూడా అడగను. పెద్ద విద్యేం కాదు, ఒకే కథ రెండు వారాలు చెబుతా. మొదటి రోజు వింటారు. రెండో రోజు నేను మర్చిపోయినట్టు ఆగితే వాళ్ళు అందుకుంటారు. నాలుగో సారికి కథ వాళ్ళదే, నేను వినడమే. గుజ్జనగూళ్ళు ఆడిస్తా, బియ్యం ఎవరికెంతో వాళ్ళే పంచుతారు. అన్నట్టు ఒక గడుగ్గాయి నన్ను "కథ టీచరూ, మీకు హోంవర్క్ ఉందా" అని అడిగాడు. ఉందని చెప్పా, ఇంటికి పోయి కొత్త కథ గుర్తు తెచ్చుకోవాలి.

సెంటర్_టీచరమ్మ
అమ్మా, మీలాంటి వారు ఉంటే మాకు కొండంత బలం. కానీ ఒక్క మాట. మీకు జ్వరం వస్తే ఆ వారం కథ ఆగిపోతుంది. రోజూ వచ్చే మనిషి, నెలనెలా డబ్బు అందే మనిషి కావాలి. ఆడవాళ్ళ ప్రేమ మీదే ఈ పథకం యాభై ఏళ్ళు నడిచింది. మా విషయంలోనూ అదే జరిగింది, గ్రాట్యుటీకి అర్హులమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

పల్నాటి అమ్మ గారూ, మనిషి వచ్చేదాకా ఇది చేసి చూడండి. పది నుంచి పదకొండున్నర దాకా సెంటర్ గుమ్మంలోకి పెద్దవాళ్ళు ఎవరూ రాకూడదని ఊళ్ళో మాట అనుకోండి. సరుకులు ఏవైనా మధ్యాహ్నం రెండు తర్వాతే. టీచర్ తనంతట తను ఇది చెబితే గొడవ అవుతుంది. తల్లులు చెబితే నిలబడుతుంది.

పల్నాటి_అమ్మ
జూన్ వచ్చింది, జరిగింది చెబుతాను.

మేము అయిదుగురు తల్లులం మా టీచరమ్మతో కూర్చున్నాం. గంటన్నర నియమం అన్నాక ఆమె మొదట నమ్మలేదు, తర్వాత మూల గదిలో ఉన్న ప్రీస్కూల్ కిట్, అంటే ఆటవస్తువుల పెట్టె తెరిచింది. విరిగిపోతే తన మీదికి వస్తుందని దాచి ఉంచిందట. విరిగితే మేం చెబుతాం, తీయండి అన్నాం. సరుకులకి మధ్యాహ్నం రమ్మంటే మొదటి వారం ఇద్దరు ముగ్గురు గొడవపడ్డారు. ఇప్పుడు అలవాటైంది. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మా వీధి అమ్మాయిని పూటకి రమ్మన్నాం, నెలకి 4 వేలు, ఎనిమిది ఇళ్ళ వాళ్ళం వేసుకుంటున్నాం. రవి గారు అన్నది నా మనసులో ఉంది, ఇది మేము చేయాల్సింది కాదు. అందుకే ఆ మనిషిని ప్రభుత్వమే ఇవ్వాలని కాగితం మీద రాసి, ఊరంతా సంతకాలు పెట్టి, అంగన్‌వాడీల పైఅధికారి సీడీపీఓ గారికి ఇచ్చాం. స్పందన ఇంకా లేదు. శీను గారు అడిగిన ఆరింటి సంగతి అందులో రాశాం గానీ, మా చేతిలో మాత్రం దారి దొరకలేదు.

మా ఆయన ఆగస్టు దాకా చూద్దాం అన్నారు. పాప నిన్న ఇంట్లో చెప్పులన్నీ వరసగా పెట్టి చిన్నవీ పెద్దవీ వేరు చేసింది.

ఒకటో_తరగతి_సారు
ఇప్పుడు రోజుకి ఎంతమంది వస్తున్నారు?

పల్నాటి_అమ్మ
పదకొండు. నిన్న పన్నెండు.

తెనాలి_కుర్రాడు
అందులో వ్యాన్ మానేసి వచ్చినవాళ్ళు ఎందరక్కా?

పల్నాటి_అమ్మ
ఇద్దరు. ఒకడు మా తోటికోడలి కొడుకు. మొదటి రోజు టై కట్టుకునే వచ్చాడు. పదిన్నరకల్లా అది బొమ్మ గేదెకి పలుపుతాడు అయింది.